నొక్కని చెయ్యి

అర్చన మా ఇంటికి వచ్చేదాకా నాలో అంత కుళ్ళు ఉందని నాకే తెలియదు. ఆ పిల్ల వచ్చిన పది రోజులకి, నాలో కుళ్ళు తప్ప వేరే ఏమైనా ఉందా అని అనుమానం వచ్చింది.

మా నాన్న జగన్నాధం మాస్టారు. చీపురుపల్లికి నాలుగు కిలోమీటర్లలో ఉన్న మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా తెల్లారేసరికి మెళ్ళో ఈల వేసుకుని గ్రౌండుకి పోవడం మానలేదు. ఊళ్ళో ఆడపిల్లల్ని పోగేసి కబడ్డీ జట్టు కట్టాడు. అందులో నేను లెఫ్ట్ కార్నర్. వరసలో ఎడమ చివర నిలబడి, కూతకి వచ్చినదాని కాలు దొరకబుచ్చుకోవడం నా పని. నేను పట్టిన కాలు విడిపించుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాటే.

అంత ఆట నేర్పిన మా నాన్న నాతో మాట్లాడడు. కోపం వల్ల కాదు, అది మా ఇంటి పద్ధతి. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక తండ్రి దానితో ముఖాముఖీ మాట్లాడకూడదట. మా తాత మా అత్తలతో మాట్లాడలేదు, మా నాన్న నాతో మాట్లాడలేదు. ఊళ్ళో ప్రతి ఇంటి గడపా ఎక్కి, పెద్దవాళ్ళతో దెబ్బలాడి, ఆడపిల్లలకి నిక్కర్లు వేయించి గ్రౌండుకి తెచ్చిన మనిషి ఈ ఒక్క ఆచారాన్ని మాత్రం వదల్లేకపోయాడు. పదమూడో ఏట ఆగిన మాట నాకు ఇరవై వచ్చినా మళ్ళీ మొదలవలేదు.

మా ఇద్దరి మధ్యా అమ్మ పోస్టుమాను. ముగ్గురం ఒకే గదిలో అన్నం తింటూ ఉంటాం.

"దాలమ్మా, దానికి మజ్జిగ కావాలేటో అడుగు" అంటాడు నాన్న.

"మజ్జిగ కావాలేటే?" అంటుంది అమ్మ.

"వద్దని సెప్పు."

"వద్దంట."

నేనూ నాన్నా ఎదురెదురుగానే కూర్చుని ఉంటాం. చూసేవాళ్ళకి నవ్వులాట. మాకు అలవాటైపోయింది.

గ్రౌండులో అమ్మ ఉండదు కాబట్టి నాకు ఈల. చిన్న ఈల వేస్తే కదలమని, పెద్ద ఈల వేస్తే ఆగమని. మిగతాదంతా ఆయన రైట్ కార్నర్ ధనలక్ష్మికి చెబుతుంటే చెవులు రిక్కించి విని నేర్చుకున్నదే. పక్కవాళ్ళకి చెప్పిన పాఠం విని నేను జట్టులో అందరికంటే మేటినయ్యాను. అందుకే, ఏదో ఒకరోజు నాన్న ఎదురుగా వచ్చి "బాగా ఆడావే" అంటాడని ఒక ఆశ. ఇంకో ఆశ కూడా ఉండేది. ఏటా జూన్‌లో రాష్ట్ర క్యాంపుకి ఒక్కో జట్టు నుంచి కోచ్ ఒకే ఒక్క పేరు పంపుతాడు. నోటితో అనకపోయినా, ఆ కాగితం మీద ఆయన తన చేత్తో నా పేరు రాస్తే చాలనుకున్నాను.

ఏప్రిల్ మధ్యలో నాన్న పాతపట్నం వెళ్ళి అర్చనని తీసుకొచ్చాడు. అక్కడెక్కడో మ్యాచ్‌లో చూశాడట. పద్దెనిమిదేళ్ళు, పొడుగాటి కాళ్ళు, జడ నెత్తిన ముడేసుకుంటుంది. కూతకి వెళ్తే ఖాళీగా రాదు. రెండు నెలలు మా ఇంట్లోనే ఉండి ఆడుతుందని, అమ్మ ద్వారా నాకు కబురు అందింది.

"ఏటి గౌరప్పా, నీ పక్కనే నా సాప ఎయ్యనా?" అంది వచ్చిన సాయంత్రం. అప్ప అంటే మా వైపు అక్క.

"ఎయ్యి" అన్నాను. అప్పటికింకా నాలో ఆ కుళ్ళేమీ లేదు.

మొదలైంది మర్నాడు మధ్యాహ్నం. నేను గదిలో ఆవకాయకి మామిడికాయలు తుడుస్తున్నాను. వసారాలో నాన్న, అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన జీడిపిక్కల్లో ఏడు ఏరి, నేల మీద వరసగా పేర్చాడు. అర్చన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇది ధనలచ్చిమి. ఇది నువ్వు. నువ్వు కూతకి ఎల్లనప్పుడు ఇక్కడ, కార్నర్ పక్కన, సెయ్యి పట్టుకుని నిలబడాల. సివర మూల మీద ఉన్నది మన గౌరి."

చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. ఆయన నోట నా పేరు విని ఎన్నేళ్ళయిందో. తీరా పిలిచింది జీడిపిక్కని.

"గౌరి పట్టు పడితే దున్నపోతు కూడా ఇడిపించుకోలేదు" అంటున్నాడు. "కానీ ఆత్రం. ఎదురుసూడ్డం రాదు దానికి. కాలు కనిపిస్తే సాలు, దూకేస్తాది. నువ్వు పక్కనుండి దాన్ని ఆపాల. ఇన్నావా?"

"ఇన్నాను మాస్టారూ."

నా గొప్పా నా తప్పూ రెండూ ఆ పిల్లకి చెప్పాడు. ఏడేళ్ళుగా నాకు ఆత్రం ఉందని ఆయనకి తెలుసు, ఒక్కసారి కూడా నాకు తెలియనివ్వలేదు. నిన్న సాయంత్రం బస్సు దిగిన పిల్లకి పిక్కలు పేర్చి మరీ చెబుతున్నాడు.

కాసేపటికి అర్చన లోపలికి వచ్చింది. "అప్పా, మాస్టారు సెప్పమన్నారు, నీకు..."

"ఆత్రమంట. నాకూ సెవులున్నాయిలే" అన్నాను.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. నాన్న ఇంతకుముందు అన్నం దగ్గర నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఇప్పుడు గలగలా పారుతున్నాడు. పొద్దున్న చోడి అంబలి తాగుతూ కూత, మధ్యాహ్నం పిక్కలు, సాయంత్రం మళ్ళీ కూత. నాకు చెప్పాల్సిన మాటలు కూడా ఆ పిల్ల చేతే పంపడం మొదలుపెట్టాడు. అమ్మకి పోస్టు ఉద్యోగం నుంచి సెలవు దొరికింది. "పోన్లే, నా నోటికి రెస్టు" అని మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అమ్మ నోటి నుంచి వస్తే నాన్న మాట నాన్న మాటలాగే ఉండేది. అర్చన నోటి నుంచి వస్తే అది అర్చన నా మీద పెత్తనం చేసినట్టు ఉండేది.

చిల్లర పనులు కూడా చేశాను, దాచడం దేనికి. చేపల కూర వండిన రోజు గరిటె నేను తీసుకుని ఆ పిల్లకి తోక ముక్క వేశాను.

"దాలమ్మా, ఆ గుంటకి నడిమి ముక్క ఎయ్యి. కూతకి ఎల్లే పిల్ల" అన్నాడు నాన్న తలెత్తకుండానే.

అర్చన నా వైపు చూసి, నడిమి ముక్కలో సగం తుంచి నా కంచంలో పెట్టింది. అది ఇంకా మండించింది. ఆ సగం ముక్క నేను తినలేదు, పిల్లికి వేశాను.

గ్రౌండులో ఆ పిల్లకి తిట్లు కూడా తక్కువేమీ పడేవి కావు. "ఒసే, బుద్ధి నేదేటే నీకు? కాలు ఎత్తమంటే సెయ్యి ఎత్తుతావేటి? తిండి తినడం నేదా?" అని ఊరంతా వినబడేలా అరిచేవాడు. అర్చన నాలిక కరుచుకుని నవ్వి, మళ్ళీ చేసేది. మిగతా పిల్లలు అయ్యో అనుకునేవారు. నాకు ఆ తిట్ల మీద కూడా అసూయే. నేను తప్పు చేస్తే పెద్ద ఈల, అంతే. ఒక మనిషిని అంతగా తిట్టాలంటే ఆ మనిషిని ఎంతగా చూసి ఉండాలి? నన్ను అలా ఎవరు చూశారు?

ఇన్ని చెప్పాను కాబట్టి ఒక నిజం కూడా చెప్పాలి. నా పక్కన అర్చనలా ఆడినవాళ్ళు అంతకుముందు లేరు, తర్వాతా లేరు.

కబడ్డీలో కార్నరూ పక్కదీ చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడతారు. కార్నర్ కాలు మీదకి దూకే ముందు పక్కదాని చెయ్యి గట్టిగా నొక్కాలి. నేను వెళ్తున్నాను, నువ్వు అడ్డం పడు అని దానికి అర్థం. నోటితో చెప్పే వీలు లేదు, ఎదుట ఉన్నది వింటుంది. నొక్కకుండా దూకకూడదన్నది మా జట్టులో మొదటి పాఠం. అంతకుముందు నా పక్కన నిలబడినదాని చెయ్యి నొక్కితే అది ఒకసారి వచ్చేది, ఒకసారి ఆలోచించేది. అర్చన అలా కాదు. నా వేళ్ళు బిగిసీ బిగియకముందే ఆమె గాల్లో ఉండేది. నేను కాలు పట్టేసరికి ఆమె నడుం పట్టేది. మే నెల చివరికి మా ఎడమ మూలకి రావాలంటే కూతకొచ్చేవాళ్ళు జంకేవారు.

బాగా ఆడే కొద్దీ నాకు ఇంకా కడుపుమంట. ఎందుకంటే "అర్చన వచ్చాక గౌరి ఆట బాగుపడింది" అనేవారందరూ.

జూన్ మొదటి ఆదివారం బొబ్బిలిలో టోర్నమెంటు. అది కాగానే క్యాంపుకి పేరు పంపాలి. ఫైనల్స్‌లో మాకూ నరసన్నపేట జట్టుకీ పడింది. ఎండకి మ్యాటు కాలిపోతోంది. ఆఖరి నిమిషంలో మేం ఒక్క పాయింటు ముందున్నాం. మిగిలింది వాళ్ళ ఆఖరి కూత. నాన్న టైమ్ అవుట్ అడిగాడు.

అందరం చుట్టూ చేరాం. నేను ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాను.

"ఏడో నెంబరమ్మాయి వస్తాది" అన్నాడు నాన్న. "మనం ఐదుగురమే ఉన్నాం, బోనస్ నేదు. ఎవర్నీ తాకకుండా ఎల్లిపోతే గెలుపు మనదే. ఏటీ సెయ్యక్కర్నేదు." తర్వాత అర్చన వైపు తిరిగాడు. "కార్నర్‌కి సెప్పు. ఆ అమ్మాయి కాలు సాపి ఆశ పెడతాది. ముట్టొద్దను. ఎనక్కి తిరిగితేనే పట్టాల, అదీ సెయ్యి నొక్కి."

కార్నర్‌కి సెప్పు. మూరెడు దూరంలో ఉన్న కార్నర్‌కి. ఆయన ఊపిరి నా భుజానికి తగులుతోంది.

అర్చన నా వైపు తిరిగింది. "అప్పా, మాస్టారు ఏటన్నారంటే..."

"ఇన్నాను" అన్నాను. ఎంత పెడసరంగా అన్నానంటే ధనలక్ష్మి తలతిప్పి చూసింది.

ఈల పడింది. నా కుడిచేతిలో అర్చన చెయ్యి ఉంది. ఏడో నెంబరమ్మాయి కూత పెట్టుకుంటూ నేరుగా మా మూలకే వచ్చింది. రెండు అడుగులు అటూ ఇటూ ఆడి, ఎడమకాలు చాపింది. నాన్న చెప్పినట్టే, తాంబూలం ఇచ్చినట్టు ముందుకు పెట్టింది. లైను అవతల బెంచీ అంచున నాన్న కూర్చుని ఉన్నాడు, కళ్ళు మా మూల మీదే. అర్చనని చూస్తున్నాడా, నన్నా? నాకు తెలియలేదు.

దూకాను. చెయ్యి నొక్కలేదు.

కాలు దొరికింది. నా జన్మలో అంత మంచి పట్టు పట్టలేదు. కానీ ఆ పిల్ల గింజుకుని గీత వైపు పడింది. అడ్డం రావాల్సిన అర్చన, నా చెయ్యి జారిపోయాక తెలుసుకుని, రెప్పపాటు ఆలస్యంగా వచ్చి మీద పడింది. ఇద్దరినీ ఈడ్చుకుంటూ ఏడో నెంబరమ్మాయి నడిమి గీతని వేలి కొసతో అందుకుంది. వాళ్ళకి రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

లేచేసరికి నాన్న వస్తున్నాడు. నా దగ్గర ఆగుతాడనుకున్నాను. నన్ను దాటుకుని అర్చన దగ్గరికి వెళ్ళాడు. దాని మోచెయ్యి చర్మం లేచిపోయి రక్తం కారుతోంది.

"నిలబడి నిద్రోతన్నావేటే?" అన్నాడు. "కార్నర్ పట్టింది గదా! అడ్డం పడాల్సింది నువ్వు కాదేటి? రెండు నెలలు సెప్పిందంతా ఏ ఏట్లో కలిపేసావే?"

అర్చన తల వంచుకుంది. నొక్కలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. "తప్పైపోయింది మాస్టారూ" అంది.

నేను పక్కనే నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? ఆ క్షణంలో కూడా నాకు ముందు కలిగింది జాలి కాదు. ఓడించింది నేనైతే, ఆ తిట్టు కూడా దానికే దక్కిందే అని కుళ్ళు.

తిరుగు వ్యానులో అర్చన మోచేతికి గుడ్డ కట్టుకుని నా పక్క సీట్లోనే కూర్చుంది, ఎప్పటిలాగే. రాజాం దాటాక నేనుండబట్టలేకపోయాను.

"ఎందుకు సెప్పలేదు?"

"ఏటి?"

"నేను నొక్కలేదని."

"మర్సిపోయావనుకున్నాను. ఆకరి కూత గదా, ఎవరికైనా గాబరా ఉంటాది" అంది మామూలుగా. మరిచిపోయాననుకుందట! తర్వాత కిటికీలోంచి చూస్తూ అంది, "అయినా నాకు తిట్లు అలవాటే అప్పా. నీకే ఎప్పుడూ పడవు. మేవంతా అనుకుంటాం, గౌరప్పకి మాస్టారు ఏదీ సెప్పక్కర్నేదు, అన్నీ దానికే తెలుసు అని. ఒక్క రోజు నాను నీలాగ ఉంటే బాగున్ను అనిపిస్తాది."

నేను ఆ పిల్ల తిట్ల మీద ఏడుస్తుంటే, ఆ పిల్ల నా ఈల మీద ఆశపడుతోంది.

మర్నాడు పొద్దున్న అర్చన బ్యాగు సర్దుకుంటోంది. నేను నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఒసే గౌరీ, మీ నాన్న అడగమన్నాడు. క్యాంపుకి ఎవరి పేరు రాయాలో దాన్నే సెప్పమను అన్నాడు. నీ పేరే అనేయ్, బేగి. కాయితం ముందరెట్టుకుని కూకున్నాడు."

ఏడేళ్ళుగా కావాలనుకున్న కాగితం. ఒక్క మాట అమ్మ చేతికిస్తే చాలు, ఆమె పట్టుకెళ్ళి ఇచ్చేస్తుంది. ఎవరి మొహం ఎవరూ చూసుకోనక్కర్లేదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అన్నీ అలాగే జరిగాయి. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా నోటి వైపే చూస్తోంది.

"నేనే సెప్తాను" అన్నాను.

"ఎవరికి?" అంది అమ్మ, నిజంగా అర్థం కాక.

వసారాలో నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో కాగితం, చేతిలో పెన్ను. నేను వచ్చి ఎదురుగా నిలబడితే అలవాటుగా నా వెనక అమ్మ కోసం చూశాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాన్నా" అన్నాను. ఆ పిలుపు నాకే కొత్తగా వినిపించింది. "అర్చన పేరు రాయి. నిన్న నేను సెయ్యి నొక్కలేదు. మర్సిపోయి కాదు. కావాలనే."

ఆయన పెన్ను మూత పెట్టాడు. నేల చూస్తూ, చాలా మెల్లగా, నాతోనే అన్నాడు.

"తెలుసు. సూసాను. నీ వేళ్ళు కదల్నేదు."

"తెలిసి దాన్నెందుకు తిట్టావు?"

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. మా నాన్న మొహం అంత దగ్గరగా అంతసేపు చూడటం పదమూడో ఏటి తర్వాత అదే మొదలు. గెడ్డం నెరిసిపోయింది.

"నిన్ను తిట్టాలంటే నీతో మాటాడాల గదే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బొబ్బిలిలో రాని ఏడుపు అంతా అప్పుడొచ్చింది. ఆయన ఓదార్చలేదు, ఆ విద్య ఆయనకి రాదు. కాగితం మీద అర్చన పేరు రాసి పక్కన పెట్టాడు. లోపలికి కేకేసి ఆ పిల్లని పిలిచాడు. గుమ్మంలోకి వచ్చిన దానితో, "నిన్న నీ తప్పు నేదు. నాను తిట్టకుండా ఉండాల్సింది" అన్నాడు. అర్చన బిత్తరపోయి నన్ను చూసింది. తనని క్యాంపుకి పంపుతున్నారని తెలిశాక, "మరి అప్పో?" అంది. నాకు ఆ మాట మీద కూడా కాస్త మండింది. ఒక్క పూటలో పోయే గుణం కాదది.

"అప్ప సంగతి అప్ప సూసుకుంటాది. నువ్వెల్లు" అన్నాడు నాన్న. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ జీడిపిక్కలట్టుకురా."

అమ్మ గబగబా కదిలింది, పాత అలవాటు కొద్దీ.

"నిన్ను కాదే దాలమ్మా, దాన్ని" అన్నాడు.

తెచ్చాను. "కూకో" అన్నాడు. కూర్చున్నాను. ఐదు పిక్కలు వరసగా పేర్చాడు, ఎదురుగా ఇంకొకటి పెట్టాడు. మూల మీది పిక్కని ముందుకు జరిపి ఆపాడు.

"సెప్పు. ఇక్కడ ఎందుకు దూకావు?"

"నువ్వు సూడాలని."

ఆయన ఆ పిక్కని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు వినిపించింది. అమ్మ కదల్లేదు. చివరికి పిక్కని మళ్ళీ మూల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మొదట్నించి సెప్తాను" అన్నాడు. "ఇను."